విలుకాడి పొయ్యి

మొన్న పొద్దున నేను గడ్డం సగం గీసుకుని ఉండగా సారయ్య ఫోన్ చేశాడు. సారయ్యది బూర్గంపాడు. సారపాక పేపరు మిల్లులో కర్రల యార్డు క్రేన్ నడిపేవాడు. మామూలుగా ఫోన్ చేస్తే మా ఇంటి కుక్క క్షేమం దాకా అడిగితే గానీ అసలు సంగతికి రాడు. మొన్న మాత్రం ఒక్క ముక్కే అన్నాడు.

"అన్నా, మన వంటోడు పోయిండు."

నురగ మొహంతోనే కుర్చీలో కూలబడ్డాను. మా ఆవిడ లోపలినుంచి తొంగి చూసి, "ఏ వంటాయన? మన పిల్ల పెండ్లిల పప్పుల ఉప్పు మరిసినాయననా?" అంది. కాదన్నాను. "మరెవరు?" అంది. చెప్పడానికి పూటంతా పట్టేట్టుంది. ఎందుకంటే ఈ వంటాయన జన్మలో గుడ్డు ఉడకబెట్టి ఎరగడు. భార్య పుట్టింటికి పోతే మంచినీళ్ళు తాగి, పక్కింటివాళ్ళ పోపు వాసన పీల్చి పడుకునే రకం. మిల్లులో డైజెస్టర్ ఆపరేటర్. ఇంటర్నెట్ ఆటలో విలుకాడు. ఈ రెండింటి మధ్య వంటోడు ఎక్కడినుంచి వచ్చాడంటే, అదే చెబుతున్నాను. ఆ పేరు పెట్టింది నేనే. ప్రేమతో కాదు, కడుపు మండి.

ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు మనిషి కనబడడు, సైకిలు తాళంచెవి కనబడుతుంది. ఏదన్నా తేల్చుకోవాల్సి వస్తే దాన్ని చెవిలో పెట్టి తిప్పేవాడు. కుడి చెవిలో తిప్పుతుంటే ఆలోచన మొదలైందని అర్థం. ఎడమ చెవికి మారిందంటే ఆలోచన మళ్ళీ మొదటికొచ్చిందని అర్థం. ఎన్ని తాళాలు తీసిందో తెలియదు గానీ, ఆయన బుర్ర తలుపు మాత్రం ఆ తాళంచెవి తెరవలేకపోయింది.

మిల్లు గేటు ముందు టిఫిన్ బండి ఉండేది. బండాయన పాపం మర్యాదస్తుడు.

"ఇడ్లీ ఉంది, వడ ఉంది, ఏం పెట్టమంటవ్ పెద్దన్నా?"

తాళంచెవి కుడి చెవిలోకి పోయేది. "నువ్వేం తిన్నవ్?"

"నేనింక తినలే."

"అయితే నువ్వు తిను. నిన్ను చూసి చెప్త."

ఆ బండాయన ఈయన కోసం ఒక ఇడ్లీ, ఒక వడ తిని చూపించి, ఏది బాగుందో చెప్పాల్సి వచ్చేది. బండి పెట్టిన కొత్తలో గాలివాటుకు ఊగేట్టు ఉండే మనిషి, కొన్నాళ్ళకు బండి వెనకాల పట్టలేనంత అయ్యాడు. దానికి వ్యాపారం కారణమని అందరూ అనుకున్నారు. నాకు తెలుసు కారణమెవరో.

చెప్పులు కొనడానికి భద్రాచలం తీసుకుపోయాను ఒకసారి. కుడికాలికి ఒక జత, ఎడమకాలికి ఇంకో జత తొడుక్కుని దుకాణంలో నడక మొదలుపెట్టాడు. గుడి ప్రదక్షిణలు చేసేవాళ్ళు కూడా అంత ఓపికగా తిరగరు. దుకాణందారు అన్నానికి పోయి, కునుకు తీసి, చేతులు కడుక్కుని వచ్చేసరికి ఇంకా నడుస్తూనే ఉన్నాడు. పాత చెప్పులతోనే తిరిగొచ్చాం. గోదావరి వంతెన మీదికి మా బస్సు పోతుంటే నేను ఉరికాను. ఆయన మాత్రం, "తొందరేముంది తమ్మీ, బండేమన్న పోతదా?" అన్నాడు. బండి పోయింది. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా బండి పోయేది. ఆ దారిన తిరిగే కండక్టర్లు ఈయన్ని చూస్తే చెయ్యి ఊపి పోవడం అలవాటు చేసుకున్నారు, ఎక్కుతాడన్న ఆశ వాళ్ళకూ లేదు.

పెళ్ళి సంగతి కూడా అంతే. పెళ్ళిచూపులకు కారేపల్లి పోయి, టీ తాగి, తాళంచెవి తిప్పి, "ఆలోచన చేసి చెప్త" అన్నాడట. గుమ్మం పక్కన నిలబడ్డ పిల్ల, "ఆలోచన నేను చేసిన. ముహూర్తం పెట్టుకోండ్రి" అందట. ఆ తల్లి గనక ఆ రోజు నోరు తెరవకపోతే ఆయన ఇప్పటికీ ఆ టీ గ్లాసు పట్టుకుని కారేపల్లిలోనే ఉండేవాడు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, ఏందన్నా ఈ నసుగుడు అని. ఆయన నవ్వాడు.

"ఒక్కపారి తొందరపడ్డ తమ్మీ. మిల్లుల చేరినప్పుడు సారొచ్చి లైన్ల నిలబెట్టి ఏ సెక్షన్ కావాల్నని అడిగిండు. నా ముందటోడు చల్లగుండేది ఇయ్యున్రి అన్నడు. నేను మంచి పేరొస్తదని, వెచ్చగున్నా పరవాలేదు సార్ అన్న. గంతే. డైజెస్టర్."

డైజెస్టర్ అంటే తెలియనివాళ్ళకు చెబుతాను. వెదురు, జామాయిలు చెక్కముక్కలు పోసి, మందునీళ్ళు పోసి, ఆవిరి పెట్టి, కాగితం గుజ్జయ్యేదాకా ఉడకబెట్టే కుక్కరు. లోపల ఒక చిన్న ఊరు కాపురముండి, బోనాలు కూడా చేసుకోవచ్చు. దాని పక్కన ఒక గది, గదిలో మీటర్లు, మీటర్ల ముందు ఈయన. ఫోన్ మోగేది. "ఉడికిందా?" అని అవతలివాడు. "ఉడికింది" అని ఈయన. అవతల ఠప్పున పెట్టేసేవాడు. షిఫ్టంతా మనిషితో అయ్యే సంభాషణ అదే.

"ఇన్నేండ్ల సంది వండుతున్న" అనేవాడు. "ఒక్కడన్న వచ్చి రుచెట్లుందో చెప్పిండా?"

అది జోకనుకుని నేను పగలబడి నవ్వేవాణ్ణి.

ఇక ఆట. రెండువేల ఏడో ఎనిమిదో. సారపాకలో మేరీ అక్క ఇంటర్నెట్ సెంటర్ పెట్టింది. కిరాయి గది, నాలుగు కంప్యూటర్లు, గోడకు యేసుప్రభువు క్యాలెండరు, దాని కింద "చెప్పులు బయట విడువుము" అని బోర్డు. అక్కడ సారయ్య మాకు ఒక ఆట చూపించాడు. ఏవేవో దేశాలవాళ్ళు ఒకేసారి ఆడే ఆట. అడవులు, మంచుకొండలు, రాక్షసులు. అందులో చేరాలంటే అకౌంటు కావాలి, దానికి విదేశీ కార్డు కావాలి. సారయ్య బావ హైదరాబాద్‌లో నానా తంటాలు పడి ఒకటి సంపాదించి పెట్టాడు. ఒకటే అకౌంటు. ఒకటే విలుకాడు. మేం ముగ్గురం.

ఇంకో ఊరివాళ్ళయితే కొట్టుకు చచ్చేవాళ్ళు. మేం మిల్లు మనుషులం. మిషను ఒకటి, నడిపేవాళ్ళు ముగ్గురు అంటే మాకు చెప్పాల్సిన పనేముంది? విలుకాణ్ణి కూడా షిఫ్టుల్లో పెట్టాం. డ్యూటీలో ఉన్నవాడు మిల్లులో, తక్కిన ఇద్దరిలో ఒకడు సెంటర్లో. దిగేవాడు ఎక్కేవాడికి చార్జి ఇవ్వాలి.

"బాణాలు నిండుగున్నయ్. ఎడమచెయ్యి తొడుగు చిరిగింది. గుహల సాలెపురుగుంది, జర చూసుకో. లైన్ క్లియర్."

ఎక్కేవాడు కుర్చీలో కూర్చున్నాకే దిగేవాడు మౌసు వదలాలి. ప్రపంచంలో మిగతా విలుకాళ్ళంతా మధ్య మధ్య తిని పడుకునేవాళ్ళు. మావాడికి సెంటర్ తలుపు తీసి ఉన్నంతసేపూ విశ్రాంతి లేదు. మేరీ అక్కకే జాలేసేది. "ఆ పిలగాణ్ణి జర కూసోనియ్యిండ్రి, కాళ్ళు పోతయ్" అనేది. ఆదివారం పొద్దున ఆమె చర్చికి పోతూ తాళం వేసేటప్పుడే వాడు ఊపిరి పీల్చుకునేవాడు.

పేరు సంగతి చెప్పలేదు కదూ. భద్రాచలం నీడన ఉండి విలుకాడికి ఏం పేరు పెడతాం? కానీ ఆ పేరు అప్పటికే ఎవడో పెట్టుకున్నాడు. తమ్ముడి పేరూ పోయింది. వాళ్ళ నాన్న పేరు కూడా పోయింది. విసుగొచ్చి "సారపాక" అని కొట్టాం. వెంటనే ఒప్పుకుంది. ఆ పేరు కోసం ప్రపంచంలో ఎవడూ పోటీకి రాలేదు.

విలుకాడి పద్ధతి ఏమిటంటే, దగ్గరికి పోయి కొట్టడు. కత్తులవాళ్ళు ముందు పోయి రాక్షసుడితో తన్నులు తింటారు, వాళ్ళ వెనక మందులేసేవాళ్ళు, అందరికంటే వెనక, ఒక చెట్టు చాటున మావాడు. అక్కడినుంచి బాణం వేయాలి. పోట్లాట అయిపోయాక ముందున్నవాళ్ళు ఒకరి భుజం ఒకరు తట్టుకుని, గంతులేసి, వెళ్ళిపోతారు. మావాడు చెట్టు దగ్గరే ఉంటాడు. నాకు అది దర్జాగా అనిపించేది. చేతికి మట్టి అంటకుండా చంపడం కంటే పెద్దమనిషి తరహా ఏముంది?

నాకు ఆ రోజుల్లో ఒకటే కోరిక. ఆ ఆటలో మంచుకొండ కింద గుహలో ఒక డ్రాగన్ ఉండేది. రెక్కల పాము. దాన్ని చూసినవాళ్ళే తక్కువ. పెద్ద దండు కట్టుకుని పోతే తప్ప గుహ తలుపు తెరుచుకోదు. పిల్ల ఫీజులు, ఇంటి వాయిదాలు, ఫినిషింగ్ సెక్షన్లో మా ఫోర్‌మన్ మొహం, ఇవన్నీ ఆ డ్రాగన్‌ను ఒక్కసారి కళ్ళారా చూస్తే భరించగలననుకునేవాణ్ణి. నవ్వుకోండి. నలభై దాటినవాడికి డ్రాగన్ మీద మనసు పడితే ఎలా ఉంటుందో పడ్డవాడికి తెలుస్తుంది.

విలుకాడు నలభయ్యో మెట్టుకు చేరిన రోజు, ఆటలో ఒక గడ్డపు ముసలాయన ఎదురొచ్చాడు. చేతిపని ఒకటి నేర్చుకోమన్నాడు. నాలుగున్నాయి. విల్లూ బాణాలూ చేసే పని, తోలు కవచాలు కుట్టే పని, మందులు నూరే పని, వంట. ఒకటే తీసుకోవాలి. తీసుకున్నాక ఎన్నటికీ మార్చుకోవడానికి లేదు.

ఆ ముసలాయన ఎవరి షిఫ్టులో వచ్చాడో వేరే చెప్పాలా?

నేను కుర్చీలోకి ఎక్కుతుంటే చార్జి ఇచ్చాడు. "బాణాలున్నయ్. లైన్ క్లియర్. ఒక పని పెండింగుంది." తెర మీద ముసలాయన నిలబడి ఉన్నాడు, నెత్తిమీద పసుపుపచ్చ గుర్తు మెరుస్తోంది. విల్లు పని నొక్కేద్దామన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "మార్చుకునేది లేదట తమ్మీ. ముగ్గురం ఒక్క మాట మీదికొస్తేనే నొక్కాలె."

సారయ్య తోలు అన్నాడు. "మనోడు ఊకె సస్తున్నడు, ముందుగాల మందంగ ఏమన్న తొడగాలె." రెండు చాయ్‌లు తాగించేసరికి సారయ్య విల్లు పనికి ఒప్పుకున్నాడు. ఇక ఆయన ఒక్కడు. మిల్లులో పర్మిట్ మీద సీనియర్ సంతకం లేనిదే మేం బోల్టు కూడా విప్పం. ఆయన సీనియర్. తాళంచెవి కుడి చెవిలోకి పోయింది.

చింత చిగురేసింది. చింత కాసింది. చింతపండు కొట్టి కుండలకెత్తారు. ఆ ముసలాయన అలాగే నిలబడి ఉన్నాడు. "పాపం పెద్దమనిషి, మంచుల నిలబడ్డడు" అని ఆయనే జాలిపడేవాడు, నొక్కేవాడు కాదు.

నొక్కకపోగా విచారణ మొదలుపెట్టాడు. ఆయన దృష్టిలో అది ఆట కాదు, ఒక మనిషిని పనిలో పెట్టడం. ఒకసారి పెట్టాక వాడు రిటైరయ్యేదాకా అదే. కనుక ఆ పని చేసేవాళ్ళని అడిగి తెలుసుకోవాలి. సెంటర్ పక్కన ఆర్ఎంపీ డాక్టరు దగ్గర బెంచీ మీద కూర్చుని, జ్వరంతో వచ్చినవాళ్ళ మధ్యలో అడిగాడు.

"మందుల పని ఎట్లుంటది డాక్టరు సాబ్? మా పిలగాడున్నడు."

"ఏం చదివిండు?"

"చదువు లేదు. బాణాలేస్తడు."

డాక్టరు నాడి పట్టుకోబోయాడు. నేను పక్కన లేకపోతే సూది కూడా వేసేవాడే.

అక్కడితో ఆగలేదు. అడవి అంచు ఊళ్ళనుంచి మిల్లుకు వెదురు కొట్టే కూలీలను తెచ్చే కోయ పెద్దాయన ఒకాయన ఉండేవాడు. సంతలో ఆయన్ని ఆపి, విల్లు చేసే పని ఎట్లుంటదని అడిగాడు. పెద్దాయన ఎగాదిగా చూశాడు.

"మా ఇంట్ల విల్లు చూరుల ఉంది. పండుగకు దించుతం, మళ్ల పెడతం. దాంతో బువ్వొస్తదా? నా మనుమడు పది పాసైండు. నీ డైజెస్టర్ల ఏమన్న హెల్పర్ పనుంటే చెప్పు."

ఈయన ఆ మనవడి గురించి అందరు కాంట్రాక్టర్ల చుట్టూ తిరిగాడు. ఆ కుర్రాడికి పని దొరికింది. మా విలుకాడికి మాత్రం దొరకలేదు.

అప్పుడు వచ్చింది అసలు అవకాశం. ఆటలో విశాఖపట్నం కుర్రాళ్ళు పెట్టిన పెద్ద దండు ఒకటుండేది. వాళ్ళ బాణాలు చేసేవాడికి పెళ్ళయింది, ఆట మానేశాడు. దండు నాయకుడు మాకు రాశాడు. మీ సారపాక విల్లు పని తీసుకుని బాణాలు అందించేట్టయితే వచ్చే ఆదివారం డ్రాగన్ వేటకు మాతో తీసుకెళ్తాం, శనివారంలోగా చెప్పండి.

నాకు అన్నం సహించలేదు. ఆ వారం నేను పొద్దుటి షిఫ్టు. శనివారం పగలంతా కుర్చీ ఆయనది. ఆ పొద్దున్నే ఆయన రాత్రి డ్యూటీ దిగి వస్తుంటే మిల్లు గేటు దగ్గర పట్టుకున్నాను, చేతులు కూడా పట్టుకున్నాను.

"అన్నా, నీ కాళ్ళు మొక్కుత. ఇయ్యాల విల్లు పని నొక్కు."

"సరే తీ తమ్మీ."

"సరే అంటే చూద్దామనా, నొక్కుతవనా?"

"నొక్కుత అంటున్న గదా. ఇయ్యాల నొక్కుత."

ఒట్టు వేయించుకుందామనుకున్నాను. ఎవరి మీద వేయాలో ఆలోచించడం మొదలుపెడితే శనివారం గడిచిపోతుందని ఊరుకున్నాను.

మధ్యాహ్నం డ్యూటీ దిగి సైకిలు తొక్కిన తొక్కుడుకు గొలుసు ఎర్రబడి ఉంటుంది. సెంటర్లోకి పోయి చూస్తే ముసలాయన లేడు. పసుపుపచ్చ గుర్తు లేదు. నా గుండె పొంగింది. తెరలోకి తొంగి చూశాను. మంచులో ఒక కర్రల మంట. మంట మీద అడవిపంది తొడ. దాని పక్కన గొంతుక్కూర్చుని, విల్లు వీపుకు తగిలించుకుని, గరిటె తిప్పుతున్నాడు మా విలుకాడు.

"ఇదేందన్నా?"

"పంది."

"అది కనబడుతనే ఉంది! పనేది?"

"ఇదే పని. వంట."

మేరీ అక్క సెంటర్లో పెద్దగా అరవకూడదు. ఆ రోజు నేను అరిచిన అరుపుకు గోడ మీద క్యాలెండరు ఒక నెల ముందుకు తిరిగింది.

"జన్మల ఒక్కసారి సొంతంగ నిర్ణయం తీసుకున్నవ్, అది గిదా? ఎవర్నడిగి నొక్కినవ్?"

"మేరీ అక్కనడిగిన."

నేను అటు తిరిగాను. మేరీ అక్క చేతులెత్తేసింది. "నన్ను గుంజకుండ్రి. విల్లు గురించి నన్నడగలే. ఈ నాలుగింట్ల ఏది చేస్తే పక్కన నలుగురొచ్చి కూసుంటరక్కా అన్నడు. వంట అన్న. దాంట్ల అబద్ధమేముంది?"

"అన్నా, విల్లు పని తీసుకుంట అని మాటిచ్చినవ్ గదా!"

ఆయన తాళంచెవి తీయలేదు. అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. చేతులు రెండూ మౌసు మీదే ఉన్నాయి.

"అదే నొక్కుదమని పోయిన తమ్మీ. వేలు కూడ పెట్టిన. గంతల గుర్తొచ్చింది. మనోడు ఎప్పుడు చూడు చెట్టెనకనే ఉంటడు. అందరికన్న వెనక. కొట్లాటైనంక వాళ్ళు వాళ్ళు మాట్లాడుకుంటరు, పోతరు. మనోని దిక్కు చూసెటోడు లేడు. దూరముండి కొట్టెటోని కాడికి ఎవడొస్తడు? బాణాలు చేస్తే ఏమైతది? బాణాలు తీసుకుంటరు, పోతరు."

"దానికి?"

"దానికి, గిట్ల మంట పెడితే వచ్చి కూసుంటరట. తింటే బలమొస్తదట. తినేటప్పుడు కదలొద్దట. కదిల్తే బలం రాదట." ఆ చివరి రూలు చెప్పేటప్పుడు ఆయన కళ్ళు చూడాలి. తిన్నంతసేపు మనిషి కదలకూడదన్న రూలు రాసినవాడికి గుడి కట్టించేట్టున్నాడు.

నేను ఆ సాయంత్రం విశాఖపట్నం నాయకుడికి విషయం రాశాను. వాడు తిరుగు జవాబులో వంటోడా అని అడిగి, ఆ పక్కన నవ్వుతున్న బొమ్మలు తెర నిండా పెట్టాడు. అంతే. సారయ్యకు చెబితే క్రేన్ దిగి వచ్చి తల పట్టుకుని మళ్ళీ క్రేనెక్కాడు. అప్పుడు నేను ఆయనకు పెట్టాను పేరు, వంటోడని. కర్రల యార్డు నుంచి గేటు దాకా ఒక్క షిఫ్టులో పాకిపోయింది. ఆయనకు కోపం రాలేదు. అది ఇంకా మంట.

ఆదివారం మధ్యాహ్నం మేరీ అక్క చర్చి నుంచి వచ్చి తాళం తీసింది. రావద్దనుకున్నాను. కాళ్ళు వినలేదు. సారయ్య డ్యూటీలో ఉన్నాడు. కుర్చీలో ఆయన, పక్క స్టూలు మీద నేను. ఆయన విలుకాణ్ణి మంచుకొండ మీదికి నడిపించుకుంటూ పోయి, సరిగ్గా డ్రాగన్ గుహ తలుపు ముందు కట్టెలు పేర్చి మంట పెట్టాడు. పుండు మీద కారం చల్లడమంటే అదే.

కాసేపటికి దండు వచ్చింది. విశాఖపట్నం దండు. కత్తులు, ఈటెలు, గుర్రాలు, ఒకడి నెత్తిమీద కొమ్ములు. రామాయణంలో వానరసేన కూడా ఇంత ఆర్భాటంగా సముద్రం దగ్గరికి పోయి ఉండదు. ముందు నాయకుడు. మంట చూసి ఆగాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాడు.

"అన్నా, తినడానికి ఏమైనా ఉందా?"

నేను స్టూలు మీదినుంచి లేచాను. "పెట్టకు!"

"ఎందుకు?"

"వాడే అన్నా! మనల్ని వద్దన్నోడు! పండ్లికిలించిన బొమ్మలు పెట్టినోడు!"

"వద్దన్నది వేటకు తమ్మీ. తిండికి వద్దనలే గదా."

పెట్టాడు. దండంతటికీ పెట్టాడు. అందరూ మంట చుట్టూ వలయంగా కూర్చున్నారు, కదలకుండా. ఆయన ఒక్కవేలితో టైపు చేశాడు. ఒక్కో అక్షరం కోసం కీబోర్డంతా జల్లెడ పట్టేవాడు. "ఏ ఊరు" అని రాయడానికి పట్టిన సమయంలో నేను రెండుసార్లు బయటికి పోయి టీ తాగొచ్చాను. వాళ్ళు కదలడానికి లేదు కనుక చెప్పారు. ఒకడు గాజువాక. ఒకడు మస్కట్లో పనిచేస్తున్నాడట. కొమ్ములవాడు అమ్మాయట, మలేషియాలో నర్సు.

తిన్నారు, గుహలోకి పోయారు. తలుపు మూసుకుంది. లోపలినుంచి ఉరుములు. నేను తెరకు ముక్కు ఆనించి కూర్చున్నాను. ఏమీ కనబడదు, రాతి తలుపు తప్ప. కొంచెంసేపటికి దండు మొత్తం చచ్చి, ఆత్మలై, కొండ కింది శ్మశానం నుంచి ఈడ్చుకుంటూ మళ్ళీ వచ్చింది.

"అన్నా, ఇంకోసారి పెడతావా?"

"చూడు, బిడ్డలు ఎట్ల నలిగిపోయిన్రో" అన్నాడు ఆయన నాతో. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పోయారు, మళ్ళీ చచ్చారు, మళ్ళీ వచ్చారు. వచ్చిన ప్రతిసారీ ఆయన ఇంకో రెండు ముక్కలు రాసేవాడు. మస్కట్ వాడికి ఇంటికి పోక చాలా రోజులైందని, పోయినప్పుడు వాళ్ళమ్మ చేపల పులుసు చేస్తుందని తెలిసింది. నర్సుకు డ్యూటీ టైమవుతోందని తెలిసింది. నాయకుడికి రేపు పరీక్ష అని తెలిసింది. "పరీక్ష పెట్టుకొని పాము ఎంబడి పడ్డవా?" అని ఈయన మందలించాడు కూడా. వాడు అవునన్నా అన్నాడు, నాతో ఎన్నడూ అంత మర్యాదగా మాట్లాడలేదు.

"అన్నా" అన్నాను, ఇక తట్టుకోలేక. "బాణాలు చేసి ఉంటే ఇప్పుడు మనం లోపలుందుం."

"చెట్టెనక" అన్నాడు ఆయన, మంట మీది పంది తొడ తిప్పుతూ.

చీకటి పడకముందే తలుపు అవతల పెద్ద అరుపు వినబడింది. తెర పైభాగాన బంగారపు అక్షరాలు పరుగెత్తాయి. డ్రాగన్ చచ్చింది. చంపినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. గాజువాకవాడు, మస్కట్ వాడు, నర్సు, నాయకుడు. సారపాక లేదు. గుహలోంచి గంతులేసుకుంటూ బయటికొచ్చారు. మామూలుగా ఇలాంటప్పుడు గుర్రాలెక్కి మాయమవుతారు. వాళ్ళు వచ్చి మంట చుట్టూ కూర్చున్నారు. కొట్టాల్సినదాన్ని కొట్టేశారు, ఇక బలంతో పనేముంది? అయినా కూర్చున్నారు. ఆయన అందరికీ పెట్టాడు. తర్వాత నావైపు ఒకసారి చూశాడు. నా మొహంలో ఏం కనబడిందో తెలియదు. కీబోర్డు మీదికి వంగి, అక్షరం అక్షరం వెతుక్కుంటూ, నాయకుణ్ణి అడిగాడు.

"డ్రాగన్ ఎట్లుండె?"

నేను స్టూలు ముందుకు జరుపుకున్నాను. రెక్కలు ఏ రంగో, కళ్ళు ఎన్నో, నిప్పు ఎటునుంచి కక్కిందో, ఒక్క ముక్క చెబితే చాలు, మిగతాది నేను కల్పించుకోగలను. అవతలివాడు చాలాసేపు తింటూ కూర్చున్నాడు. చివరికి జవాబొచ్చింది.

"పెద్దగా ఉంది అన్నా."

ఆయన కుర్చీని నావైపు తిప్పాడు. ఆ మొహంలో వెలుగు చూస్తే డ్రాగన్‌ను పట్టి తెచ్చి నా ఒళ్ళో పెట్టాడనుకోవాలి.

"ఇన్నవా తమ్మీ? పెద్దగుందట!"

ఆ డ్రాగన్ గురించి ఇప్పటివరకూ నాకు తెలిసింది అంతే. ఆయన లేచి, కుర్చీ నాకు చూపించి, బాణాలున్నాయని గానీ లైన్ క్లియరని గానీ అనకుండా, "మంట జర చూసుకుంట ఉండు, ఆ నర్సు పిల్ల ఇంక తినలే" అని చెప్పి ఇంటికి పోయాడు.